సర్వరు ఊఁ కొడుతున్నదా?

మన ఊళ్లలో ఈ పాతికేళ్లలో కొత్తగా చేరిన మాటలు చాలా ఉన్నవి. వాటిలో "సర్వరు లేదు" అన్నంత తొందరగా పల్లెకు పరిచయమైన మాట మరొకటి లేదేమో. పహణి కావాలంటే సర్వరు లేదు. ఆదాయపత్రం కావాలంటే సర్వరు లేదు. రేషను అంగడిలో వేలిముద్ర పడకపోతే సర్వరు లేదు. పూర్వం "దొరగారు కాంపులో ఉన్నారు, రేపు రాండి" అనేవారు. ఇప్పుడు దొరగారి స్థానాన్ని సర్వరు ఆక్రమించుకున్నది. దొరగారైతే ఏ ఊరికి పోయినారో బంట్రోతును అడిగి తెలుసుకోవచ్చు. సర్వరు ఎక్కడికి పోయిందో ఎవరిని అడగాలి?

సర్వరునే అడగవచ్చును. అడిగే సాధనం ప్రతి కంప్యూటరులోను ముందే ఉన్నది. దానికి రొక్కం చెల్లించనక్కరలేదు, పెద్ద చదువు కూడా అక్కరలేదు. ఆ సంగతి మన కుటుంబాలవారందరికీ తెలియవలసినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని మంగళవాడనే ఉదాహరణగా తీసుకుందాం. ఆంధ్రదేశపు పొలిమేర దాదాపు చుట్టూ తిరిగి వచ్చే తాలూకా అది. అక్కడ చాలా ఇండ్లలో తెలుగు, కచేరిలో కన్నడం. వానలు తక్కువ, శనక్కాయ పంట మీద ఆశ ఎక్కువ. బ్యాంకులో పంట అప్పు తీసుకోవాలన్నా, బీమా కట్టాలన్నా భూమి లెక్క చూపవలసినదే. దానినే ఆంధ్రలో అడంగలు అంటారు, తెలంగాణలో పహాణీ అంటారు, కన్నడ నాట పహణి అనీ ఆర్టీసీ అనీ అంటారు. బీమాకు గడువు ఉంటుంది. గడువు దాటితే ఆ ఏటికి అంతే సంగతులు. అటువంటి దినాలలో సేవాకేంద్రం ముందర ఇటువంటి సంభాషణ ఏ ఊళ్లోనైనా వినబడుతుంది:

"ఏమప్పా, పహణి ఈ పొద్దన్నా వస్తాదా?"

"సర్వరు లేదు తాతా. రేపు రాండి."

"నిన్నా అదే అంటివి గదప్పా. కూలి పోగొట్టుకొని వస్తా ఉండాను."

"నేనేం చేసేది తాతా? బెంగుళూరులోనే లేదంట."

ఆ పిల్లవాడు అబద్ధమాడుతున్నాడని మేము అనము. పేజీ తెరుచుకోలేదు కాబట్టి సర్వరు లేదనుకున్నాడు. కాని బెంగుళూరులో ఉన్న సర్వరు గుండ్రాయిలాగా ఉండి, తన బల్ల వెనుక తీగె ఊడి ఉండవచ్చును. లేదా రెండూ బాగుండి, నడుమ ఎక్కడో రోడ్డు త్రవ్వినవారు దారి తెంపి ఉండవచ్చును. మూడింటికీ మందు వేరు. మొదటిది నిమిషంలో కుదిరేది, రెండవది ఫోను చేసి చెప్పవలసినది, నిజంగా సర్వరే పడిపోతే మాత్రం కాచుకొని ఉండవలసినది. ఏది జరిగిందో తేల్చకుండా అన్నింటికీ "రేపు రాండి" అనే ఒకే మందు వేయడం వల్ల కూలివాని దినం పోతున్నది.

సర్వరు దూరమైన కథ

సర్వరు అంటే ఏమి? అడిగినవారికి అడిగిన కాగితం తీసి ఇచ్చే కంప్యూటరు. అంతకంటె గొప్ప అర్థం ఏమీ లేదు. పూర్వం ఆ పని మన ఊరి శానుభోగులు చేసేవారు. ఆంధ్రలోనైతే కరణంగారు. లెక్కల కట్ట వారి ఇంటనే ఉండేది. ఆ పద్ధతిలో దోషాలు లేకపోలేదు. కాని కట్ట ఎక్కడున్నదో అందరికీ తెలుసును.

2000 ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వం "భూమి" అనే పేరుతో ఈ లెక్కలను కంప్యూటర్లకు ఎక్కించినది. రాజీవ్ చావ్లా అనే ఐ.ఏ.ఎస్. అధికారి ఆ పని నడిపించినారు. సుమారు 67 లక్షల రైతులకు చెందిన 2 కోట్ల లెక్కలు కంప్యూటరు పాలైనవి. తాలూకా కచేరిలో కిటికీ దగ్గర నిలబడి 15 రూపాయలు కడితే అచ్చువేసిన నకలు చేతికి వచ్చేది. చేతివ్రాత నకళ్లు ఇక చెల్లవన్నారు. అప్పట్లో ఆ లెక్కలుంచిన కంప్యూటరు తాలూకా కచేరిలోనే ఉండేది. అడిగే బల్లకూ ఇచ్చే యంత్రానికీ నడుమ ఒక గోడ మాత్రమే అడ్డం.

తరువాతి సంవత్సరాలలో లెక్కలన్నీ బెంగుళూరులోని రాష్ట్ర డేటా కేంద్రానికి చేరినవి. దానివల్ల మంచే జరిగింది. తాలూకాకు పోనక్కరలేకుండా ఊళ్లోనే నకలు తీసుకొనే వీలు కలిగింది. నాడకచేరిలోను, 2022 జనవరిలో మొదలైన "గ్రామ ఒన్" కేంద్రాలలోను ఎన్నో పత్రాలు దొరకసాగినవి. అయితే సౌకర్యం దగ్గరకు వచ్చిన కొద్దీ సర్వరు దూరం పోయింది. పావగడకూ బెంగుళూరుకూ 150 కిలోమీటర్లు పైమాటే. గోడ అవతల ఉన్న బావి ఇప్పుడు ఇంత దూరమైనది. చేద త్రాడు అంత పొడుగైనది. త్రాడు పొడుగైనప్పుడు అది ఎక్కడ తెగిందో చూసే విద్య కూడా నేర్చుకొని ఉండవలసినది. మనవాళ్లకు త్రాడు ఇచ్చినారు గాని ఆ విద్య ఎవరూ చెప్పలేదు.

ఆ త్రాటిలో ఎన్ని ముడులున్నవో చూడండి. మొదట బల్ల మీది కంప్యూటరు. దాని నుండి ఒక చిన్న పెట్టెకు తీగె, లేక తీగె లేని వైఫై. ఆ పెట్టెను రౌటరు అంటారు. అక్కడి నుండి వెంట్రుకంత సన్నని గాజు తంతువు నేలలోనో స్తంభాల మీదనో ప్రయాణం చేస్తుంది. పల్లెలకు ఈ గాజు తంతువు వేయడానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఒక పెద్ద పథకం చేపట్టినది. దానికే తరువాత "భారత్‌నెట్" అని పేరు పెట్టినారు. దేశంలోని సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు తంతువు చేర్చడం దాని ఉద్దేశం. ఆ తంతువు పట్టణంలోని యంత్రాలకు, అక్కడి నుండి బెంగుళూరుకు, అక్కడ డేటా కేంద్రం గుమ్మానికి, గుమ్మం దాటి సర్వరుకు. ఇన్ని ముడులలో ఏ ఒక్కటి జారినా బల్ల దగ్గర కూర్చున్నవారికి కనబడేది ఒక్కటే: పేజీ రాలేదు.

ఊఁ కొట్టే విద్య

అవ్వ కథ చెబుతుంటే మనుమడు ఊఁ కొడతాడు. ఊఁ వినబడినంత సేపు మేలుకొని ఉన్నాడని అవ్వకు ధైర్యం. ఊఁ ఆలస్యమైతే కన్ను మూత పడుతున్నదని గ్రహిస్తుంది. ఊఁ ఆగిపోతే కథ ఆపి దుప్పటి కప్పుతుంది. కంప్యూటరులోని సాధనం సరిగ్గా ఇదే పని చేస్తుంది. ఇక్కడి నుండి ఒక చిన్న పిలుపు పంపుతుంది. అవతలి యంత్రం ఆ పిలుపునే మారుపలుకుగా తిరిగి పంపుతుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్క కట్టి చూపుతుంది. దీనిని "పింగ్" అంటారు.

పిలిస్తే పలకవలెనన్న నియమం 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వ్రాసిన నియమావళిలో ఉన్నది. ఆ నియమాన్ని పనిముట్టుగా మలచినవాడు మైక్ మూస్. ఆయన అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనాలయంలో ఉద్యోగి. 1983 డిసెంబరులో అక్కడి కంప్యూటర్ల నడుమ రాకపోకలు చెడితే, కారణం కనుక్కోవడానికి ఒక్క రాత్రిలో సుమారు వెయ్యి పంక్తుల ప్రోగ్రాము వ్రాసినాడు. జలాంతర్గామి నావలు నీటిలో శబ్దం పంపి, అది దేనికో తగిలి తిరిగి వచ్చే మ్రోతను బట్టి ఎదుట ఏమున్నదో తెలుసుకుంటవి గదా. ఆ మ్రోత పేరే దీనికి పెట్టినాడు. తన పనులన్నింటిలోను ఇదే ఎక్కువ పేరు తెస్తుందని ముందు తెలిసి ఉంటే ఇంకొక రోజో రెండు రోజులో దీని మీద పని చేసి ఉండేవాడినని తరువాత ఆయనే సరసంగా వ్రాసుకున్నాడు. 2000 నవంబరులో ఆయన మోటారు ప్రమాదంలో మరణించినాడు. ఆ ఒక్క రాత్రి పని మాత్రం ఈనాటికీ ప్రపంచమంతటా నడుస్తున్నది.

ఈ ఆలోచనే మన దేశంలో మరో రూపంలో చాలాకాలం ఉండేది. 2013 జూలైలో టెలిగ్రాములు ఆగిపోయినవి గాని, అంతకు ముందు నూరేళ్లకు పైగా తంతి తీగెలు ఊరూరా పారినవి. తీగె తెగినప్పుడు తంతి ఆఫీసువారు దారి పొడుగునా మనుషులను పరుగెత్తించేవారు కారు. ఏ ఆఫీసు వరకు పిలుపు అందుతున్నదో, ఏ ఆఫీసు నుండి అందడం లేదో మొదట తేల్చుకునేవారు. ఆ రెంటి నడుమకే లైనుమనిషి పోయేవాడు. మనం చేయవలసినదీ అదే.

దగ్గర నుండి దూరానికి

విండోసు కంప్యూటరులో వెదికే గడిలో సి, ఎం, డి అని ఇంగ్లీషు అక్షరాలు కొట్టితే ఒక నల్లని పలక తెరుచుకుంటుంది. దానిలో పి, ఐ, ఎన్, జి అని కొట్టి, కొంచెం ఎడం ఇచ్చి, ఎవరిని పిలవాలో వారి అంకె కొట్టి ఎంటరు నొక్కవలెను. అది నాలుగుసార్లు పిలిచి, ఎన్నిసార్లు పలికిందో చెబుతుంది. ఎవరిని ముందు పిలవాలన్నదే అసలు కిటుకు. చాలామంది మొదటనే సర్వరును పిలుస్తారు. పలకకపోతే ఏమీ తేలదు. పిలుపు ఇంటి గడప నుండి మొదలుపెట్టి పోవలెను.

మొదటి పిలుపు తనకు తానే. దానికి అంకె 127.0.0.1. ప్రపంచంలో ఏ కంప్యూటరులోనైనా ఈ అంకె ఆ కంప్యూటరునే సూచిస్తుంది. ఇది పలకకపోతే లోపలి అమరికే చెడింది. బయట ఎవరినీ నిందించవద్దు.

రెండవ పిలుపు పక్కనున్న పెట్టెకు, అనగా రౌటరుకు. దాని అంకె చాలాచోట్ల 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉంటుంది. సందేహమైతే ఆ నల్లని పలకలోనే "ఐపికాన్ఫిగ్" అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టితే "డిఫాల్ట్ గేట్‌వే" అన్న చోట ఆ అంకె కనబడుతుంది. ఇది పలకకపోతే తీగె ఊడిందో, వైఫై అందడం లేదో, పెట్టెకు కరెంటు పోయిందో చూడవలెను. పావగడ తాలూకాలోనే 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం ఉన్నది. 2019లో పూర్తి అయినది. దేశంలోని పెద్ద సౌరకేంద్రాలలో అది ఒకటి. కాని అక్కడ ఎంత విద్యుత్తు పుట్టినా, గోడకున్న ప్లగ్గు వదులుగా ఉంటే పెట్టె వెలగదు గదా!

మూడవ పిలుపు బయటి ప్రపంచానికి. ఎప్పుడూ మేలుకొని ఉండి, ఎవరు పిలిచినా పలికే యంత్రాన్ని ఒకదానిని ఎంచుకోవలెను. 8.8.8.8 అనే అంకె చాలామందికి కంఠస్థమై ఉంటుంది. అది గూగుల్ వారిది. పెట్టె పలికి ఇది పలకకపోతే, ఊరికీ బయటికీ నడుమ దారి తెగినట్టు అనుకోవచ్చు. అప్పుడు ఫోను చేయవలసినది తంతువు వేసినవారికి గాని సర్వరువారికి కాదు.

నాలుగవ పిలుపు అంకెతో కాక పేరుతో. మనం పేజీని పేరుతో అడుగుతాము. కంప్యూటరు ఆ పేరుకు అంకె ఏదో ఒక చిరునామా పుస్తకం వంటి యంత్రాన్ని అడిగి తెలుసుకుంటుంది. టెలిఫోను డైరెక్టరీ పోయినప్పుడు ఫోను బాగున్నా మనకు పని జరగనట్టే, అంకె పలికి పేరు పలకకపోతే దోషం ఆ పుస్తకంలో ఉన్నది. రౌటరును ఒకసారి ఆపి మళ్లీ వేయడంతో ఇది తరచు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే తంతువు వారికే చెప్పవలెను.

అయిదవ పిలుపు మనకు పని ఉన్న సర్వరుకు. ముందు నాలుగూ పలికి ఇదొక్కటి పలకకపోతే, అప్పుడు మాత్రమే "అవతల ఏదో ఉన్నట్టున్నది" అనే మాటకు అర్హత వస్తుంది. అదైనా అంత గట్టిగా అనడానికి వీలులేదు. ఎందుకో క్రింద చెబుతాము.

పలికిన తీరు

పలికిందా లేదా అన్నదే కాక ఎంతసేపటికి పలికిందో కూడా గమనించవలెను. ఆ కాలం మిల్లీసెకండ్లలో ఉంటుంది, అనగా సెకండులో వెయ్యవ వంతు. గాజు తంతువులో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. దారి వంకరలు కలుపుకొని బెంగుళూరుకు 300 కిలోమీటర్లనుకున్నా పోయి రావడానికి 3 మిల్లీసెకండ్లు చాలు. నడుమ యంత్రాలు తీసుకొనే కాలం కలిపి పది, ఇరవై, ముప్పయి అయినా బాగున్నట్టే లెక్క. మూడు నాలుగు వందలు చూపుతుంటే దారిలో ఎక్కడో రద్దీ ఉన్నది.

తంతువు లేక ఉపగ్రహం ద్వారా పనిచేసే చోట మాత్రం ఈ లెక్క వేరు. నేలకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, ఒకే చోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహం వరకు పిలుపు ఎక్కి దిగవలెను. జవాబు మళ్లీ ఎక్కి దిగవలెను. దానికే అర సెకండు దాకా పడుతుంది. అక్కడ ఆరు వందల మిల్లీసెకండ్లు చూపితే దోషం కాదు, దూరం.

నాలుగు పిలుపులలో రెండే పలికితే దానికొక అర్థం ఉన్నది. దారి తెగలేదు, అతుకు వదులైనది. తీగె కొనలు సరిగా కూర్చోకపోయినా, వైఫై పెట్టె మందపు రాతిగోడ అవతల ఉన్నా, దారిలో రద్దీ ఎక్కువైనా ఇట్లా జరుగుతుంది. పేజీ సగం వచ్చి ఆగిపోవడం, వేలిముద్ర ఒకసారి పడి మరొకసారి పడకపోవడం దీని లక్షణాలే. "ముసలివాళ్ల వేళ్లు అరిగిపోయినవి" అని వేళ్ల మీద నేరం మోపడానికి ముందు ఒకసారి పింగ్ చేసి చూడడం న్యాయం.

దారిలో ఎక్కడ ఆగిందో ఇంకా నిశ్చయంగా తెలుసుకోవాలంటే పింగుకు తోబుట్టువు వంటి మరొక సాధనం ఉన్నది. 1980ల చివరి భాగంలో వాన్ జాకబ్సన్ అనే ఆయన దానిని తయారు చేసినాడు. స్టీవ్ డీరింగ్ అనే మరొకాయన ఇచ్చిన సూచన దానికి మూలం. పేరు "ట్రేస్‌రూట్". విండోసులో టి, ఆర్, ఎ, సి, ఇ, ఆర్, టి అని కొట్టవలెను. దాని యుక్తి ముచ్చటైనది. ఇంటర్నెట్టులో పోయే ప్రతి ఉత్తరం మీద "ఇన్ని మజిలీలు దాటవచ్చును" అని ఒక అంకె ఉంటుంది. దారి తప్పిన ఉత్తరాలు లోకమంతా తిరుగుతూ ఉండిపోకుండా ఈ ఏర్పాటు. ఒక్కొక్క మజిలీలో అంకె ఒకటి తగ్గుతుంది. సున్న అయిన చోట ఉత్తరం చించివేసి, "మీ ఉత్తరం ఇక్కడ ఆగిపోయింది" అని ఆ మజిలీవాడు పంపినవారికి కబురు చేస్తాడు. ట్రేస్‌రూటు కావాలనే మొదట 1 అంకె వేసి ఉత్తరం పంపుతుంది. మొదటి మజిలీ కబురు చేస్తుంది. తరువాత 2, తరువాత 3. ఇట్లా మజిలీల పేర్లన్నీ వరుసగా తెలిసిపోతవి. ఎక్కడ కబురు ఆగిందో దానికి ఇవతలి మజిలీ వరకు దారి బాగున్నది. అవతల చూడవలెను. నడుమ ఒక మజిలీ మౌనంగా ఉండి దాని తరువాతవి కబురు చేస్తుంటే భయపడనక్కరలేదు. అది పని చేస్తూనే ఉన్నది, మాట్లాడే స్వభావం కాదు.

ఊఁలో మోసం, మౌనంలో మోసం

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయవలసి ఉన్నది. ఇవి తెలియకుండా పింగు నేర్చుకున్నవారు అసలు నేర్చుకోనివారికంటె గట్టిగా పొరబడతారు.

మొదటిది: ఊఁ కొట్టకపోయినంత మాత్రాన నిద్రపోయినట్టు కాదు. అలిగిన మనుమడు మేలుకొని ఉండి కూడా ఊఁ అనడు. బ్యాంకుల సర్వర్లు, ప్రభుత్వ సర్వర్లు చాలావరకు పింగుకు జవాబివ్వకుండా కట్టడి చేసి ఉంచుతారు. దొంగలు ముందు తలుపు తట్టి, ఇంట్లో ఎవరున్నారో చూసి, తరువాత కన్నం వేస్తారు గనుక ఆ జాగ్రత్త. కనుక పేజీ మామూలుగా వస్తున్న రోజున ఒకసారి ఆ సర్వరును పిలిచి చూసి ఉంచుకోవలెను. బాగున్న రోజున కూడా పలకనిదైతే, చెడిన రోజు దాని మౌనానికి విలువ లేదు.

రెండవది: ఊఁ కొట్టినంత మాత్రాన కథ వింటున్నట్టు కాదు. నిద్రమత్తులో ఊఁ కొట్టే పిల్లలు ప్రతి ఇంటా ఉన్నారు. యంత్రం బాగుండి పలుకుతుంది. దానిలో పహణి తీసి ఇచ్చే ప్రోగ్రాము ఆగిపోయి ఉంటుంది. లేదా గడువు చివరి రోజున రాష్ట్రమంతా ఒక్కసారి మీద పడితే, యంత్రం పలుకుతూనే ఉంటుంది గాని కాగితం తీసి ఇవ్వడానికి దానికి చేతులు చాలవు. గుమాస్తా కుర్చీలో ఉన్నాడు, వరుస మాత్రం వీధి దాకా ఉన్నది. పింగు వేగంగా పలికి పేజీ రాకపోతే ఇదే అనుకోవచ్చు. అటువంటప్పుడు రౌటరును పదేపదే ఆపి వేయడం వృథా. పొద్దున్నే గాని రాత్రిపూట గాని ప్రయత్నించడం మేలు.

ఈ రెండు సందేహాలనూ తీర్చే సులభమైన ఉపాయం ఒకటున్నది. అదే పేజీని మరో దారిన అడిగి చూడడం. సేవాకేంద్రం కంప్యూటరు తంతువు మీద నడిస్తే, జేబులోని ఫోను గాలి మీద నడుస్తుంది. ఫోనులో వైఫై ఆపి, దాని సొంత డేటాతో పేజీ తెరిచి చూడవలెను. ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకపోతే సర్వరు క్షేమం. మన దారిలోనే చిక్కు. ఆ రోజుకు ఫోను నుండే కంప్యూటరుకు ఇంటర్నెట్టు ఇచ్చి పని గడుపుకోవచ్చును కూడా. రెండింటిలోను రాకపోతే, పక్క ఊరివారికి ఫోను చేసి అడగండి. వారికీ రాకపోతే ఇక సర్వరు సంగతే అనుకోవచ్చు.

మనం చేయగలది

ఇదంతా సేవాకేంద్రంలోని పిల్లవాడికి తెలియవలసినది, మనకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. మన కుటుంబాలలో బెంగుళూరు కంప్యూటరు కంపెనీలలో పనిచేసేవారు ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకోండి. వారు తమ ఆఫీసులో దినానికి పదిసార్లు చేసే పని ఇది. ఉగాదికో జాతరకో ఊరికి వచ్చినప్పుడు ఒక గంట సేవాకేంద్రంలో కూర్చొని ఈ అయిదు పిలుపులు నేర్పితే, ఆ ఊరికి అంతకంటె ఉపకారం వేరే లేదు. ఇంట్లో అమ్మకు నేర్పినా మంచిదే. విదేశంలోని కొడుకుతో మాట్లాడుతుండగా బొమ్మ ఆగిపోతే లోపం తన ఫోనుదో, పెట్టెదో, కొడుకు ఊరిదో ఆమెకే తెలుస్తుంది. ఊరికే ఫోను కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది.

సేవాకేంద్రాలకు మేము చేసే మనవి చిన్నది. గోడకు ఒక చీటీ అంటించండి. దాని మీద అయిదు అంకెలు, పేర్లు వరుసగా వ్రాయండి: తన యంత్రం, పెట్టె, బయటి ప్రపంచం, పేరు, సర్వరు. పక్కన వారి వారి ఫోను నంబర్లు వ్రాయండి. పెట్టెలో దోషమైతే ఎవరికి చెప్పాలి, తంతువుకు ఎవరికి, సర్వరుకు ఎవరికి. బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచండి. ఆగిపోయిన ప్రతిసారీ తేదీ, వేళ, ఎన్నవ పిలుపు దగ్గర ఆగిందో ఒక పంక్తి వ్రాయండి. "మాకు నెట్టు రావడం లేదు" అని ఫిర్యాదు చేస్తే అవతలివారు విని ఊరుకుంటారు. "ఈ నెలలో తొమ్మిదిసార్లు పెట్టె పలికి బయట పలకలేదు, వేళలు ఇవి" అని వ్రాస్తే ఊరుకోవడం కష్టం. నోటు పుస్తకంలోని పంక్తులు పంచాయతీ సభలో చదివి వినిపించవచ్చును కూడా.

పని మీద వచ్చినవారు అడగవలసిన ప్రశ్న కూడా మారవలెను. "సర్వరు ఉందా?" అని అడిగితే "లేదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఎంతవరకు పలుకుతున్నదప్పా?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఎదుటివాడు పిలిచి చూడక తప్పదు. కోపం అక్కరలేదు, దబాయింపు అక్కరలేదు.

తీగె ఊడిందా, దారి తెగిందా, సర్వరే పడుకున్నదా అని తేల్చడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఒక మనిషి పని మానుకొని వచ్చి ఊరకే తిరిగిపోతే పోయేది ఒక దినం కూలి; గడువు నాడైతే ఒక ఏటి బీమా. అన్నిసార్లూ సర్వరు మన చేతిలో ఉండదు. ఆ అయిదు నిమిషాలు మాత్రం మన చేతిలోనే ఉన్నవి.